ఎవరి ఆత్మకథ?

మన ఉన్నత పాఠశాలల్లో తెలుగు వ్యాసరచనకు ఇచ్చే అంశాల్లో ఒకటి చాలాకాలంగా స్థిరపడిపోయింది. ‘ఒక నది ఆత్మకథ వ్రాయండి’, ‘ఒక చెట్టు ఆత్మకథ వ్రాయండి’, ‘చిరిగిన పుస్తకం తన కథ చెప్పుకుంటున్నట్టు వ్రాయండి’ అని అడుగుతారు. ఏ గైడు తిరగేసినా వీటికి సిద్ధంగా సమాధానాలు దొరుకుతాయి. నది కొండల్లో పుడుతుంది, పల్లానికి పారుతుంది, పైరుకు ప్రాణం పోస్తుంది, మనుషులు మురికి కలిపినందుకు బాధపడుతుంది, చివరకు సముద్రంలో కలుస్తుంది. పిల్లవాడు ‘నేను’ అనే మాటతో పదిహేను వాక్యాలు వ్రాస్తాడు. ఆ పదిహేను వాక్యాల్లో వాడు మాత్రం ఎక్కడా ఉండడు.

నేను డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతాను. పాఠశాల దాటి మా దగ్గరకు వచ్చే విద్యార్థుల్లో చాలామంది తమ ఇంట్లో మొదటితరం చదువరులు. వాళ్ళు నది కథ తడుముకోకుండా వ్రాస్తారు. ‘మీ ఇంట్లో మొదట బడికి వెళ్ళిందెవరు? ఆ సంగతి వ్రాయండి’ అంటే కలం ఆగిపోతుంది. ‘మా బతుకులో వ్రాయటానికి ఏముంది సార్’ అంటారు. దీన్ని వినయం అనుకుంటే మనం పొరబడినట్టే. వ్రాతకు తగిన జీవితాలు కొన్ని ఉన్నాయనీ, తమది వాటిలో చేరదనీ పదేళ్ళ చదువు వాళ్ళకు నేర్పింది. ఈ పాఠాన్ని ఏ వాచకమూ అచ్చువెయ్యలేదు. అయినా ఇంత గట్టిగా ఒంటబట్టిన పాఠం మరొకటి కనిపించదు.

ఈ పరిస్థితికి ఒక చరిత్ర ఉన్నది. తెలుగులో స్వీయచరిత్ర నడిచిన దారి ఒకటి, పాఠశాలలో వ్యాసరచన నడిచిన దారి మరొకటి. మొదటిది కంపెనీ ఉద్యోగి దగ్గర బయలుదేరి సంస్కర్తలూ రచయితలూ దేశనాయకులూ దాటి, చదువురాని స్త్రీల దగ్గరకూ రైలుపట్టాల మీద పనిచేసిన దళితుడి ఇంటికీ చేరుకుంది. రెండవది ఇంకా నది ఒడ్డునే నిలబడి ఉన్నది. ఈ ఎడం ఎలా ఏర్పడింది, దాన్ని ఎలా పూడ్చాలి అనేదే నా చర్చనీయాంశం.

1

ఆధునిక కాలంలో తన జీవితాన్ని గ్రంథంగా వ్రాసుకున్న తొలి తెలుగువారిలో వెన్నెలకంటి సుబ్బారావు (1784-1839) ఒకడు. మద్రాసు సదరు అదాలతులో అనువాదకుడుగా పనిచేశాడు. తన కథను ఆయన తెలుగులో వ్రాయలేదు, ఇంగ్లీషులో వ్రాశాడు. ఆయన పోయిన చాలాకాలానికి, 1873లో, కుమారుడు దాన్ని అచ్చువేయించాడు. సాహిత్యచరిత్రకారులు ఇంతవరకు చెబుతారు. ఉపాధ్యాయులు గుర్తుంచుకోవలసిన విషయం మరొకటి ఉన్నది. 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి ఆయన ఆనాటి బడులను గురించి ఒక నివేదిక ఇచ్చాడు. పిల్లలు పద్యాలను అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారనేది అందులో ఆయన ప్రధానమైన ఫిర్యాదు. తన జీవితాన్ని తాను వ్రాసుకోదలచినవాడికి అర్థంలేని వల్లెవేత భరించరానిదిగా తోచటంలో ఆశ్చర్యం లేదు. తెలుగువాడి ఆత్మకథా, తెలుగు బడి మీద విమర్శా ఒకే కలం నుంచి వచ్చాయి.

సుబ్బారావు సమకాలికుడే ఏనుగుల వీరాస్వామయ్య. 1830-31లో కాశీకి వెళ్ళివస్తూ, చూసినదల్లా స్నేహితుడికి ఉత్తరాలుగా వ్రాశాడు. అవి 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా వెలువడ్డాయి. దారిలో దొరికే దినుసుల ధరలూ, మజిలీల మధ్య దూరాలూ, ఊళ్ళ స్థితిగతులూ అన్నీ వాడుకభాషకు దగ్గరగా ఉండే వచనంలో ఉన్నాయి. చూసినది చూసినట్టు చెప్పే తెలుగు వచనం ఒకటి అప్పటికే పుట్టిందని దీన్నిబట్టి తెలుస్తున్నది. బడి మాత్రం ఆ వచనాన్ని చేరదీయలేదు. 1853లో వచ్చిన పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ తరతరాలపాటు వచనానికి ఒరవడిగా నిలిచింది. అందులో నక్కలూ కాకులూ లేళ్ళూ మాట్లాడతాయి, నీతి చెబుతాయి. చిన్నయసూరి పాండిత్యాన్ని నేను తక్కువ చెయ్యటంలేదు. ఆ ఒరవడి మీద చెయ్యి తిప్పిన విద్యార్థికి జంతువుల చేత మాట్లాడించటం వచ్చింది. తన ఇంటి మనిషి చేత మాట్లాడించటం రాలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే పక్కనున్న మరాఠీ దేశంలో వేరొక సంగతి జరిగింది. పుణేలో ఫూలే దంపతుల పాఠశాలలో చదువుకుంటున్న ముక్తాబాయి అనే మాంగు కులపు బాలిక 1855లో మాంగుల, మహారుల దుఃఖాన్ని గురించి ఒక వ్యాసం వ్రాసింది. అది ‘జ్ఞానోదయ’ పత్రికలో అచ్చయింది. వేదం మీద తమకు హక్కు లేదన్నప్పుడు తమ మతం ఏదో చెప్పమని ఆ పిల్ల నిలదీసింది. తలమీద కప్పులేని చోట ప్రసవించే తమ ఆడవాళ్ళ బాధను వ్రాసింది. ‘నీతిచంద్రిక’కూ ఈ వ్యాసానికీ మధ్య రెండేళ్ళే ఎడం. బడిలో చదివే పిల్ల ఏమి వ్రాయగలదు అనే ప్రశ్నకు ఆనాడే సమాధానం దొరికింది. అలాంటి వ్రాత పుట్టటానికి అలాంటి బడి కావాలి. అక్షరాలతోపాటు, తనవాళ్ళ సంగతి చెప్పటానికి ఆ అక్షరాలు పనికివస్తాయనే నమ్మకాన్ని కూడా ఆ బడి ఇచ్చింది.

2

తెలుగు బడిలో ఆ నమ్మకం పెరగకపోవటానికి పెద్ద కారణం భాష. ఈ శాఖలో జరిగిన పోరాటం మనకు తెలిసినదే అయినా, ఆత్మకథ దృష్టితో దాన్ని మళ్ళీ చూడవలసి ఉన్నది.

1910ల ఆరంభంలో స్కూల్ ఫైనల్ మొదలైన పరీక్షల్లో వ్యాసరచనకు ప్రాముఖ్యం పెరగటంతో, పిల్లవాడు సొంతంగా నాలుగు వాక్యాలు వ్రాయవలసి వస్తే ఏ తెలుగులో వ్రాయాలి అనే ప్రశ్న తలెత్తింది. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు ప్రభృతులు వాడుకభాష అన్నారు. జయంతి రామయ్య ప్రభృతులు, 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తువారు, గ్రాంథికం అన్నారు. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో సభ్యుడుగా ఉండి గురజాడ 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించాడు. గ్రాంథికవాదులదే అప్పటికి పైచెయ్యి అయింది. వాచకాల్లో వాడుకభాష స్థిరపడటానికి దశాబ్దాలు పట్టింది.

ఈ వివాదాన్ని మనం సాధారణంగా వ్యాకరణ వివాదంగా, లేదా సాహిత్యభాషా వివాదంగా చెప్పుకుంటాం. బడిపిల్లవాడి వైపునుంచి చూస్తే దాని అర్థం ఇంకొకటి. వాడి అనుభవం ఒక భాషలో జరుగుతుంది, పరీక్ష మరొక భాషలో జరుగుతుంది. కాన్పు, కూలి, కొట్లాట, అప్పు, ఆకలి ఇవన్నీ వాడికి ఇంటిభాషలో తెలుసు. వాటిని పరీక్షాభాషలోకి మార్చేటప్పటికి ఆ అనుభవంలోని వేడి పోతుంది. మార్చటం రాకపోతే మార్కులు పోతాయి. అందువల్ల వాడు తెలివిగా తనకు సంబంధం లేని వస్తువునే ఎన్నుకుంటాడు. నదిని గురించి గ్రాంథికంలో వ్రాయటం తేలిక, ఎందుకంటే నది ఏ యాసలోనూ మాట్లాడదు.

గిడుగు ఈ విషయాన్ని వాదంతో సరిపెట్టలేదు. పర్లాకిమిడి ప్రాంతంలో సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించటానికి పూనుకున్నాడు. ఇంటిభాషను గౌరవించని చదువు మనిషిని లోపలినుంచి మూగవాణ్ణి చేస్తుందని ఆయన చేతల వల్ల మనకు తెలుస్తున్నది.

నిజాం రాజ్యంలో ఈ చిక్కు రెండింతలు. ఉన్నతపాఠశాల చదువే ఉర్దూలో. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనాభాష ఉర్దూ. తెలుగు పిల్లవాడికి ఇంటిభాషకూ బడిభాషకూ మధ్య ఒక గోడ, ఇంటి తెలుగుకూ అచ్చు తెలుగుకూ మధ్య ఇంకొక గోడ. ఆ గోడలమధ్య పెరిగిన తరం తరువాత వ్రాసిన స్మృతులు, ఉదాహరణకు దాశరథి రంగాచార్య ‘జీవనయానం’, సామల సదాశివ ‘యాది’, చదివితే భాషను గురించిన ప్రస్తావన అడుగడుగునా ఎందుకు వస్తుందో బోధపడుతుంది. వాళ్ళకు భాష అనేది జీవితంలో ఒక సంఘటన.

3

ఇక స్వీయచరిత్ర నడిచిన దారి. కందుకూరి వీరేశలింగం ‘స్వీయచరిత్రము’ 1915 నాటికి రెండు భాగాలుగా పూర్తయింది. తెలుగులో ఈ శాఖకు అది పునాది అని అందరూ ఒప్పుకున్నదే. అందులో ఉన్నది ఒక సంఘసంస్కర్త చేసిన పనుల చరిత్ర. పంతులుగారు ఎవరితో పోరాడారు, ఎక్కడ గెలిచారు, ఎవరు మాట తప్పారు అన్నది ఆ గ్రంథానికి నడక. దానితో తెలుగులో ఒక అభిప్రాయం పాతుకుపోయింది: ఘనకార్యం చేసినవాడే ఆత్మకథ వ్రాయాలి. తరువాత వచ్చిన టంగుటూరి ప్రకాశం ‘నా జీవితయాత్ర’ వంటివి దాన్నే బలపరిచాయి. అయితే పక్కనే మరొక పాయ కూడా ఉన్నది. చూపు పోయిన చిలకమర్తి లక్ష్మీనరసింహం తన స్వీయచరిత్రను ఇతరులచేత వ్రాయించాడు. తానే కలం పట్టనక్కరలేదనీ, చెప్పి వ్రాయించినా ఆత్మకథే అవుతుందనీ దీనివల్ల రుజువయింది. 1950ల్లో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ-జ్ఞాపకాలూనూ’ వచ్చింది. వేదం చదివే ఇంట్లో పుట్టిన పిల్లవాడు తెలుగు రచన వైపు ఎలా తిరిగాడు అనేది అందులోని కథ. ఇంట్లో జరిగే మాటామంతీ, భోజనాలు, తండ్రీకొడుకుల మధ్య ఘర్షణ, ఇవే అక్కడ ఘనకార్యాలు.

అసలైన మలుపు తెలంగాణా రైతాంగ సాయుధపోరాటం జ్ఞాపకాలతో వచ్చింది. 1946-51 మధ్య జరిగిన ఆ పోరాటాన్ని గురించి పుచ్చలపల్లి సుందరయ్య, రావి నారాయణరెడ్డి వంటి నాయకులు గ్రంథాలు వ్రాశారు. అవి లేకపోతే ఆ చరిత్రే మనకు లేదు. కాని 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రకటించినప్పుడు, తెలిసిందనుకున్న చరిత్రలో ఎంత ఖాళీ ఉందో బయటపడింది. పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కూర్చోబెట్టి అడిగి, వాళ్ళు చెప్పినది చెప్పినట్టు వ్రాసిన పుస్తకం అది. అందులో చిట్యాల ఐలమ్మ ఉన్నది, మల్లు స్వరాజ్యం ఉన్నది. దళాల్లో తిరుగుతూ బిడ్డల్ని కన్నప్పుడు ఏమయింది, పోరాటం విరమించాక ఇంటికి తిరిగివచ్చిన స్త్రీకి ఏ పని మిగిలింది అనే ప్రశ్నలు ఏ తీర్మానంలోనూ లేనివి. ఆ ప్రశ్నలు వేసినందువల్ల ఉద్యమం చిన్నబోలేదు. దాని లోతు మనకు తెలిసివచ్చింది. మల్లు స్వరాజ్యం చెప్పగా వచ్చిన ‘నా మాటే తుపాకీ తూటా’ (2019) కూడా ఈ పాయలోదే.

ఇక్కడ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడమని కోరుతున్నాను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించాడు. పెళ్ళికూతురు గౌరమ్మ. ఆ రాత్రి కథ మనకు పంతులుగారి కలంనుంచే తెలుసు. వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ మానుకుంటే గోదావరినుంచి నీళ్ళు మోసి వంట చేసిన రాజ్యలక్ష్మమ్మగారి సంగతీ ఇతరులు చెప్పగానే మనం విన్నాం. 2012లో కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ వెలువడింది. ఆమె కూడా బాలవితంతువే, పునర్వివాహం చేసుకున్నదే. కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసింది, అజ్ఞాతవాసం గడిపింది, భర్త దూరమైన తరువాత పెద్దవయసులో మళ్ళీ బడిచదువు చదివి, విద్యార్థినుల వసతిగృహంలో ఉద్యోగం చేసి బతికింది. తొంభై ఏళ్ళు దాటిన తరువాత తన కథ తాను వ్రాసింది. వితంతు వివాహం అనే ఒకే వస్తువు, మొదట సంస్కర్త నోట, నూటముప్ఫై ఏళ్ళ తరువాత ఆ జీవితం అనుభవించిన మనిషి నోట. తెలుగు ఆత్మకథ సాధించిన ప్రగతికి ఇంతకన్నా కొలత అక్కరలేదు.

దళితుల రచనల్లోనూ ఇదే జరిగింది. బోయి భీమన్న ‘పాలేరునుంచి పద్మశ్రీ వరకు’ ఒక మనిషి ఎక్కిన మెట్ల కథ. వై. బి. సత్యనారాయణ 2011లో ఇంగ్లీషులో వ్రాసిన గ్రంథం ‘మా నాయన బాలయ్య’గా తెలుగులోకి వచ్చింది. అది ఒక కుటుంబం కథ. ఊరు వదిలి రైల్వేలో చేరిన తరమూ, పిల్లల చదువుకోసం తండ్రి పడిన తపనా అందులో ఉన్నాయి. ‘నేను’ అనే కర్త స్థానంలోకి ‘మేము’ వచ్చింది. మన బడిపిల్లలకు అన్నిటికన్నా దగ్గరి నమూనా ఇదే.

4

మనలోనే కొందరు మిత్రులు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు. పిల్లలచేత సొంతకథలు వ్రాయించటం వ్యక్తివాదాన్ని పెంచటమేననీ, మధ్యతరగతి ఆత్మనింద, ఆత్మస్తుతి తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదనీ, సమాజాన్ని గురించి వ్రాయించాలనీ వాళ్ళ వాదం. ఇది తోసివేయదగిన వాదం కాదు. నిజంగానే ‘నేను’ చుట్టూ తిరిగే చాలా స్మృతులు ఊరినీ కూలినీ కులాన్నీ మరిచిపోయాయి.

కాని సమాజం పిల్లవాడికి ఏ రూపంలో ఎదురవుతుందో ఆలోచించాలి. వర్గం అనే మాట వాడికి ముందుగా నిర్వచనంగా అందదు. ఫీజు కట్టని రోజు తరగతి బయట నిలబడటంగా అందుతుంది. ఆ అనుభవాన్ని వ్రాతలో పెట్టి, ఎందుకు జరిగింది అని రెండవ ప్రశ్న వేసినప్పుడు వర్గం అనే మాటకు వాడి మనస్సులో ప్రాణం వస్తుంది. మొదటి మెట్టు లేకుండా రెండవదాన్ని నేర్పితే అదీ వల్లెవేతే అవుతుంది. సుబ్బారావు 1820లో ఫిర్యాదు చేసింది దీన్ని గురించే; పద్యం స్థానంలో నినాదం వచ్చినంతమాత్రాన వల్లెవేత చదువైపోదు.

ఇటలీలోని బార్బియానా అనే కొండపల్లెలో లొరెంజో మిలానీ అనే ఫాదరీ నడిపిన బడి ఈ సందర్భంలో జ్ఞాపకం చేసుకోదగింది. ప్రభుత్వ పాఠశాలలు తప్పించి పంపిన రైతుబిడ్డలు అక్కడ చదువుకున్నారు. వాళ్ళలో ఎనిమిదిమంది కలిసి తమను ఫెయిలుచేసిన ఉపాధ్యాయురాలిని ఉద్దేశించి ఒక లేఖ వ్రాశారు. అది 1967లో పుస్తకమై దేశదేశాలకు పాకింది. వాళ్ళు వ్రాసిన పద్ధతి గమనించండి. ఒక్కొక్క ఆలోచన ఒక్కొక్క కాగితం మీద వ్రాసుకున్నారు. అన్ని కాగితాలూ బల్లమీద పరిచారు. ఒకే సంగతి రెండుసార్లు వస్తే ఒకటి తీసేశారు, సంబంధం ఉన్నవాటిని దొంతరలు పెట్టారు, అక్కరలేని మాటలు కొట్టేశారు. ప్రతివాడి అనుభవమూ అందులో ఉన్నది; పుస్తకం మాత్రం ఎవరి ఒక్కరిదీ కాదు. స్వీయచరిత్ర వ్యక్తివాదానికే దారితీస్తుందనే భయానికి ఇది చాలిన జవాబు.

5

చదివించటం ఎలా? వ్రాయించటానికి ముందు చదివించాలి, చదివించటం అంటే నీతి పిండటం కాదని ముందుగా మనం ఒప్పుకోవాలి. తెలంగాణా రాష్ట్రం ఏర్పడిన తరువాత వచ్చిన తొమ్మిదో తరగతి తెలుగు వాచకంలో సంగెం లక్ష్మీబాయి జైలు జ్ఞాపకాలనుంచి ‘ఉద్యమస్ఫూర్తి’ అనే పాఠం ఉండేది. పదో తరగతిలో సదాశివ ‘యాది’లోని భాగం పెట్టారు. ఇది మంచి ప్రారంభం. అయితే ఆ పాఠాన్ని తరగతిలో ‘రచయిత్రి దేశభక్తిని వివరించండి’ అనే ప్రశ్నతో ముగిస్తే, అది ఆత్మకథగా చదివినట్టు కాదు. స్మృతిని చదివేటప్పుడు వేయవలసిన ప్రశ్నలు వేరు. ఈ సంఘటన జరిగినప్పుడు ఆమె వయసెంత, వ్రాసేనాటికి వయసెంత? ఎవరికోసం వ్రాస్తున్నది? ఇందులో ఎవరు మాట్లాడటంలేదు? ఏది తన కళ్ళతో చూసింది, ఏది విన్నది? ఈ నాలుగు ప్రశ్నలూ నేర్చిన పిల్లవాడు రేపు ఏ నాయకుడి మాటనైనా, ఏ వార్తనైనా అలాగే చదువుతాడు.

ఉన్నతపాఠశాల పిల్లలకు నేను ముందుగా సిఫారసు చేసే రచన అంబేడ్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’. ఆయన వ్రాసి పెట్టుకున్న ఈ చిన్న గ్రంథం 1990లో అచ్చయింది. మొదటి ఘట్టం 1901 నాటిది. పదేళ్ళ ప్రాయంలో, సెలవులకు తండ్రి దగ్గరకు వెళ్ళటానికి కొత్తబట్టలు తొడుక్కుని తోటిపిల్లలతో రైలెక్కి మసూరు స్టేషనులో దిగుతాడు. తండ్రి మనిషి రాలేదు. స్టేషను మాస్టరు ఆదరంగా పలకరించి, కులం తెలియగానే ముఖం మార్చుకుంటాడు. బండివాళ్ళు రాము పొమ్మంటారు. చివరకు రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకునే షరతు మీద బయలుదేరుతారు. తినటానికి అన్నం ఉన్నది, తాగటానికి నీళ్ళు దొరకవు. ఇందులో ఆవేశంతో నిండిన విశేషణాలు వెతికినా దొరకవు. కొత్తబట్టలు, రెట్టింపు కిరాయి, అన్నం, నీళ్ళు ఇవే ఉన్నాయి. అన్యాయం ఎంత పెద్దదో చెప్పటానికి వివరమే చాలునని పిల్లలకు దీనికన్నా స్పష్టంగా చూపించే పాఠం నాకు తెలియదు.

రెండవది గోర్కీ తన బాల్యాన్ని గురించి 1913-14లో ప్రకటించిన గ్రంథం. తాత మనమణ్ణి స్పృహతప్పేలా కొడతాడు. తరువాత మంచం పక్కన వచ్చి కూర్చుని, తాను కుర్రతనంలో వోల్గా ఒడ్డున పడవలు లాగిన రోజుల కథ చెబుతాడు. ఆ కథ విన్నందువల్ల దెబ్బలు న్యాయమైపోవు. అయినా కొట్టిన చెయ్యి ఎక్కడ కాయలు కాచిందో పిల్లవాడికి తెలుస్తుంది. ఒక మనిషిని క్షమించకుండానే అర్థం చేసుకోవటం సాధ్యమని పద్నాలుగేళ్ళవాడికి నేర్పగలిగితే, అంతకు మించిన సాహిత్యబోధన ఉండదు.

6

ఇక వ్రాయించటం. కొన్నేళ్ళుగా సెలవుల్లో మా చుట్టుపక్కల ఉన్నతపాఠశాలల పిల్లలతో కూర్చుని నేను గమనించిన నాలుగు సంగతులు చెబుతాను.

మొదటిది: ‘నీ జీవితం వ్రాయి’ అని అడగకూడదు. అది పెద్దవాళ్ళనే బెదరగొట్టే ప్రశ్న. ఒక వస్తువును, ఒక పనిని, ఒక రోజును అడగాలి. ఇంట్లో అందరికన్నా ముందు లేచేదెవరు? లేచి మొదట చేసే పని ఏమిటి? ఒక తొమ్మిదో తరగతి పిల్ల తన తల్లి బీడీలు చుట్టే పనిని ఒక పేజీ వ్రాసింది. చాట, తునికాకు, తంబాకు, కత్తెర, దారం అన్నీ వచ్చాయి. ఇంటికి తీసుకుపోయి తల్లికి చదివి వినిపించమన్నాను. మరునాడు ఆ పేజీలో కొత్తగా రెండు వాక్యాలు చేరాయి. ముందురోజే ఆకు తడిపి పెట్టుకోవాలనీ, అది వదిలేస్తే చదివినవాళ్ళు ఆ పని తేలికనుకుంటారనీ తల్లి అన్నదట. చదువురాని ఆ తల్లి చేసిన విమర్శకన్నా సూటి విమర్శ నేను సాహిత్యసభల్లో ఎక్కువగా వినలేదు.

రెండవది: తొలిప్రతిలో భాష దిద్దకూడదు. ‘బువ్వ’ను ‘అన్నం’ చేసి, ‘అవ్వ’ను ‘నానమ్మ’ చేసి, వాక్యాన్ని వాచకంలోని వాక్యంలా సరిచేస్తే పిల్లవాడికి అందే సందేశం ఒక్కటే: నీ ఇల్లు తప్పు. అక్షరదోషాలు తరువాత దిద్దవచ్చు. వాక్యం నడక గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. గిడుగు, గురజాడ గెలవాలంటే వాచకం వ్యావహారికంలో ఉంటే చాలదు, ఎర్రసిరా కూడా మారాలి.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది: మౌనంగా ఉండే హక్కు. ఉత్సాహవంతులైన ఉపాధ్యాయులు ఇక్కడ పెద్ద ప్రమాదం తెస్తారు. పేదపిల్లలచేత, దళితపిల్లలచేత బాధలు చెప్పించి, తరగతిలో పైకి చదివించి, అందరూ కంటతడి పెట్టుకోవటం బోధన అనిపించుకోదు. ఒకడి అవమానం మిగిలినవాళ్ళకు పాఠ్యపరికరం అవుతుంది. తండ్రి తాగుడు సంగతి వ్రాసిన పిల్లవాడు మరునాడు అదే బెంచీమీద అదే తోటివాళ్ళ మధ్య కూర్చోవాలి. కాబట్టి ఏది వ్రాయాలి, ఏది వదలాలి, ఎవరికి చూపాలి అనే నిర్ణయం వ్రాసినవాడిదే కావాలి. ఆ మాట ముందే చెప్పాలి, చెప్పినట్టు నిలబడాలి. దుఃఖమే వ్రాయాలని కూడా లేదు. చెరువులో ఈత నేర్చిన రోజు, తాత దగ్గర విన్న ఒగ్గుకథ, మొదటిసారి గెలిచిన కబడ్డీ ఇవీ జీవితమే. కష్టజీవి బిడ్డకు కష్టం మాత్రమే ఉంటుందనుకోవటం కూడా ఒకరకమైన చిన్నచూపే.

నాలుగవది మార్కులు. ‘ఇది పరీక్షలో రాదు కదా, పిల్లల కాలం ఎందుకు వృథా చెయ్యటం’ అని ఒక ప్రధానోపాధ్యాయుడు నన్ను సూటిగా అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే, ఆయన మీద ఉత్తీర్ణతా శాతం కత్తిలా వేలాడుతున్నది. నా సమాధానం ఏమిటంటే, బడిని బయటి జీవితంతో కలపాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం తన మొదటి సూత్రంగా చెప్పింది. ఆ సూత్రానికి పరీక్షపత్రంలో చోటు లేకపోతే తప్పు పిల్లవాడిది కాదు, పత్రానిది. నది ఆత్మకథకు ఇచ్చే మార్కులు ఇంటి చరిత్రకు ఎందుకు ఇవ్వకూడదు? పైగా గైడులో దొరకని సమాధానం అదొక్కటే. ఒకరి కథను మరొకరు కాపీకొట్టలేరు. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి వ్రాసిన పిల్లవాడి వచనం గైడు చూసి వ్రాసిన వచనంకన్నా గట్టిగా ఉంటుందని తరగతిలో కూర్చుని ఏ ఉపాధ్యాయుడైనా పరీక్షించి చూసుకోవచ్చు.

కనుక కర్తవ్యం స్పష్టమే. అభ్యుదయ రచయితలమూ, ఉపాధ్యాయ సంఘాలవాళ్ళమూ మూడు పనులు తలపెట్టాలి. ఉన్నతపాఠశాల స్థాయికి తగినట్టు తెలుగు స్వీయచరిత్రలనుంచి ఒక సంకలనం తయారుచెయ్యాలి. అందులో వీరేశలింగం పక్కన కోటేశ్వరమ్మ ఉండాలి, ప్రకాశం పక్కన బాలయ్య ఉండాలి. ప్రతి పాఠశాలలో పిల్లలు వ్రాసిన ఇంటిచరిత్రలను, వాళ్ళ అనుమతితో, వ్రాతప్రతులుగానైనా భద్రపరచాలి. వ్యాసరచన ప్రశ్నల్లో నది పక్కన పిల్లవాడికి కూడా ఒక ప్రశ్న కేటాయించమని పట్టుబట్టాలి.

ఇది సాహిత్యాభిమానం కొద్దీ చేసే కోరిక మాత్రమే కాదు. ఐలమ్మను ఎవరో ఒకరు కూర్చోబెట్టి అడగబట్టి ఆమె మాట మనకు దక్కింది. అలా ఎవరూ అడగని ఐలమ్మలు ఈనాడు మన విద్యార్థుల ఇళ్ళలో అవ్వలుగా, అమ్మమ్మలుగా ఉన్నారు. వాళ్ళు చెప్పగల సంగతులు ఏ గ్రంథాలయంలోనూ లేవు, చాలాకాలం నిలిచేవీ కావు. వాళ్ళను అడగగలిగిన దూరంలో, వాళ్ళ భాష తెలిసి, చేతిలో కలం ఉన్నవాడు ఒక్కడే ఉన్నాడు. వాడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఇవాళ హోంవర్కుగా నది ఆత్మకథ వ్రాస్తున్నాడు.